ఎవ్వరును లేని నేల ఎవ్వరిది?

పల్లెటూరి జీవితము నెరిగినవారికి గట్టు తగవు కొత్త కాదు. అన్నదమ్ము లిద్దరు పొలము పంచుకొందురు. ఏటేట దుక్కులకాలమున నాగలి మొన జానెడు మేర గట్టునకు ఆవలికి జరుగును. ఆ జానెడు నేలలో పండు గింజలు ఒక పూట గంజికైనను చాలవు. అయినను దాని కొరకు మాటలు పోవును, రాకపోకలు పోవును, కోర్టు ఖర్చుల క్రింద తక్కిన పొలము కూడ పోవును. ఇదేమని అడిగినచో 'గింజల కొరకు కాదండీ, న్యాయము కొరకు' అని ఇద్దరును ఒకే సమాధానము చెప్పుదురు. ఇద్దరును అబద్ధమాడుట లేదు. నేలను 'నాది' అనుకొనుటలో కడుపునకు సంబంధించినది కొంత, మనస్సునకు సంబంధించినది మిక్కిలి యుండును.

ఇట్టి గట్టు తగవే భూగోళపు ఉత్తరపు కొనయందు, కెనడా, డెన్మార్కు అను రెండు రాజ్యముల నడుమ, 1973 మొదలు 2022 వరకు దాదాపు ఏబది సంవత్సరములు సాగినది. తగవునకు మూలమైనది ఒక చిన్న దీవి. దానిపై ఇల్లు లేదు, చెట్టు లేదు, పొలము లేదు, కాపురమున్న మనిషి లేడు. ఆ దీవి కథను చెప్పి, దాని నుండి పుట్టు ఒక ప్రశ్నను పాఠకుల ముందుంచవలెనని మా ఉద్దేశము. ఎవ్వరును లేని నేల ఎవ్వరిది? అసలు నేల ఒకరిది అగుట యనగా నేమి? రాష్ట్రముల సరిహద్దు గీతలకు ఆవల తరతరములుగా బ్రతుకుచున్న మన కుటుంబములకు ఈ ప్రశ్న కేవలము తర్కవినోదము కాదు.

ముందుగా ఆ దీవి ఎక్కడ నున్నదో చూతము. పటమున ఉత్తర అమెరికా ఖండపు పైకొనయందు కెనడాకు చెందిన ఎల్స్‌మీర్ ద్వీపమును, దానికి తూర్పున గ్రీన్‌లాండును కనబడును. ఈ రెంటిని వేరుచేయుచు, దక్షిణమున బాఫిన్ అఖాతము నుండి ఉత్తరమున లింకన్ సముద్రము వరకు ఒక ఇరుకైన నీటిదారి కలదు. దానిని నేర్స్ జలసంధి యందురు. అందులో కెనెడీ చానెల్ అను భాగమున, ఇరుతీరములకును ఇంచుమించు సమానమైన దూరమున, ఉత్తర అక్షాంశము 80 డిగ్రీల 49 నిమిషముల యొద్ద హాన్స్ ద్వీపము నిలిచియున్నది. ఆ చోట నీటిదారి వెడల్పు సుమారు 35 కిలోమీటర్లు. అక్కడి నుండి ఉత్తరధ్రువము సుమారు 1,000 కిలోమీటర్లు.

ద్వీపపు వైశాల్యము సుమారు 1.3 చదరపు కిలోమీటర్లు, అనగా మన లెక్కలో 320 ఎకరములు. మన ప్రాంతములలో ఒక చిన్న గ్రామపు పొలము పాటి. పొడవు, వెడల్పు రెండును కిలోమీటరునకు కొంచెము మించియుండును. ఎత్తైన చోటు సముద్రమట్టమునకు 168 మీటర్లు. నేల సున్నపురాతి బండ. అక్కడ మట్టి యనదగినది దాదాపు లేదు. చెట్టు మొలచు మాట అటుండగా, ఒక కుండలో నింపుటకు తగిన మెత్తని మన్ను దొరకుట కష్టము.

ఆ అక్షాంశమున పగలును రాత్రియు మన లెక్కకు లొంగవు. శీతకాలమున సుమారు నాలుగు నెలలు సూర్యుడు క్షితిజము పైకి రాడు. వేసవిలో నాలుగు నెలలకు పైగా అస్తమింపడు. సంవత్సరములో అధికభాగము చుట్టునున్న సముద్రము గడ్డకట్టియుండును. ఉత్తరమున లింకన్ సముద్రము నుండి అనేక సంవత్సరముల వయస్సుగల దళసరి మంచుపలకలు ప్రవాహమునకు లోబడి ఈ ఇరుకుదారిలో దక్షిణమునకు దిగివచ్చును. దారి నడుమ అడ్డుగా నిలిచినది ఈ బండ. పలకలు వచ్చి దీనికి ఢీకొని, పగిలి, ఇరుప్రక్కల నుండి సాగిపోవును. 1980వ దశకపు తొలి సంవత్సరములలో డోమ్ పెట్రోలియం అను కెనడా చమురు సంస్థవారు ఈ దీవిపై పరిశోధకులను దింపి, మంచుపలక ఢీకొన్నప్పుడు పుట్టు బలమెంతయో కొలిపించిరి. మంచు సముద్రములలో చమురు త్రవ్వుటకు కట్టు కట్టడములు ఎంత గట్టిగా నుండవలెనో తెలిసికొనుట వారి ప్రయోజనము. 2008లో శాస్త్రజ్ఞులు ఒక స్వయంచాలక వాతావరణ పరిశీలన యంత్రమును అక్కడ నెలకొల్పిరి. గాలిని, చలిని, మంచు దెబ్బను కొలిచి తెచ్చిన ఈ లెక్కలే ఈ దీవి నుండి నాగరిక ప్రపంచమునకు చేరిన పంట.

అయితే ఎవ్వరును కాపురముండలేదు అనుట వేరు, ఎవ్వరును ఎరుగరు అనుట వేరు. ఈ దీవికి దగ్గర యగు నివాసస్థలములు రెండు దిక్కుల నున్నవి. కెనడా వైపున అలర్టు అను సైనిక, వాతావరణ కేంద్రము సుమారు 200 కిలోమీటర్ల దూరమున నున్నది. గ్రీన్‌లాండు వైపున సియోరాపాలుక్ అను వేటగాండ్ర చిన్నపల్లె సుమారు 350 కిలోమీటర్ల దూరమున నున్నది. ఉత్తర గ్రీన్‌లాండు ఇన్యూయిట్ ప్రజలు తరతరములుగా ఈ జలసంధిని ఎరుగుదురు. మనకు సముద్రము దారికి అడ్డము, మంచు ప్రయాణమునకు విఘ్నము. వారికి గడ్డకట్టిన సముద్రమే రాజమార్గము. కుక్కలు లాగు బండ్లపై ఆ మార్గమున సాగుచు, సీలు జంతువులను, ధ్రువపు ఎలుగులను వేటాడుదురు. వారి దారిలో ఈ బండ ఒక గుర్తు. వారు దానికి టార్టుపాలుక్ అని పేరు పెట్టుకొనిరి. మూత్రపిండపు ఆకారము గలది యని దాని భావము. జంతువు కడుపు కోసి చూచిన చేతికి తట్టిన సహజమైన ఉపమానమది. ఒక చోటికి పేరు పెట్టుటకు దానిని పలుమార్లు, పలువైపుల నుండి చూచియుండవలెను. అందుచేత ఈ దీవి చరిత్రలో మొదటి పుట ఆ పేరే యనుకొనుట న్యాయము.

ఇక పటములలో నెక్కిన రెండవ పేరు హాన్స్ అను నతనిది. ఇతడు రాజు కాడు, నావికాధిపతి కాడు. హాన్స్ హెండ్రిక్ గ్రీన్‌లాండు నైరృతి తీరమున జన్మించిన ఇన్యూయిట్ వేటగాడు. స్వజనులలో ఇతని పేరు సుయెర్సాక్. 1853లో అమెరికా అన్వేషకుడు కేన్ ఉత్తరమునకు పోవుచు ఈ యువకుని వేటకొరకు వెంట తీసికొనిపోయెను. ఓడ మంచులో చిక్కుపడెను. హాన్స్ తెచ్చు మాంసమే పలుమార్లు ఆ బృందమునకు ప్రాణాధారమయ్యెను. ఆ యాత్ర ముగియకమునుపే ఇతడు ఉత్తరదేశపు ఇన్యూయిట్లలో మెర్కుట్ అను కన్యను వరించి, అక్కడనే ఉండిపోయెను. పుట్టిన చోటు దక్షిణము, ఇల్లు కట్టిన చోటు ఉత్తరము. తరువాత హేస్ యాత్రలోను, 1871లో బయలుదేరిన హాల్ యాత్రలోను, 1875-76లో ఆంగ్లేయ సేనాని నేర్స్ యాత్రలోను ఇతడు మార్గదర్శిగా, వేటగాడుగా పనిచేసెను.

హాల్ యాత్రలో జరిగిన సంగతి యొకటి చెప్పదగినది. 1872 అక్టోబరు 15వ తేదీ రాత్రి, పొలారిస్ అను ఓడకు అపాయము కలిగి, సామగ్రి మంచుపై దించుచుండగా పలక పగిలి ఓడ విడిపోయెను. పందొమ్మిదిమంది మంచుపలకపై మిగిలిపోయిరి. వారిలో హాన్స్, అతని భార్య, నలుగురు బిడ్డలు నుండిరి. కడగొట్టు బిడ్డ ఆ ఆగస్టులోనే ఓడపై పుట్టినవాడు. ఆరునెలలకు పైగా ఆ పలక దక్షిణమునకు కొట్టుకొనిపోయెను. సుమారు 2,900 కిలోమీటర్లు పోయిన పిమ్మట, 1873 ఏప్రిలు 30న లాబ్రడార్ తీరము దాపున ఒక ఓడ వారిని రక్షించెను. పందొమ్మిదిమందిలో ఒక్కరును మరణింపలేదు. అందుకు కారణము హాన్స్, ఎబియర్‌బింగ్ అను ఇద్దరు ఇన్యూయిట్ వేటగాండ్రు చేసిన వేట. ఆ పందొమ్మిదిమందికి ఆరునెలలపాటు ఏ దేశము లేదు. కాలిక్రింద నేలయే లేదు. నిలిపినది ఇద్దరి నైపుణ్యము, అన్నమును పంచుకొను ధర్మము. హాన్స్ తన అనుభవములను తన భాషలో వ్రాసికొనెను. దాని ఆంగ్లానువాదము 1878లో ప్రకటింపబడెను. ఏ నేలను తనదని కోరని యతని పేరు ఒక ద్వీపమునకు నిలిచినది. ఆ ద్వీపము కొరకే తరువాత రెండు రాజ్యములు కలహించినవి.

కలహపు విధమిది. 1973 డిసెంబరు 17న కెనడా, డెన్మార్కు ప్రభుత్వములు తమ నడుమనున్న సముద్రగర్భపు సరిహద్దును నిర్ణయించుకొని ఒడంబడిక చేసికొనెను. ఇరుతీరముల నడుమ బిందువులు గుర్తించి, వానిని కలుపుచు గీత గీసిరి. గీత వచ్చి వచ్చి సరిగా హాన్స్ ద్వీపముపై నుండి పోవలసివచ్చెను. జలసంధి ఇరుకగుటచే ఈ బండ ఇరువురి తీరజలముల హద్దులోనే యున్నది. ఇద్దరును నాది యనిరి. మిగిలిన సరిహద్దు చెడకుండుటకై, గీతను ద్వీపపు దక్షిణపుటంచున ఆపి, ఉత్తరపుటంచు నుండి మరల ప్రారంభించిరి. అంత పొడవైన గీతలో ఆ ఒక్క కిలోమీటరు ఖాళీగా మిగిలెను.

1984లో డెన్మార్కు ప్రభుత్వమున గ్రీన్‌లాండు వ్యవహారముల మంత్రి టామ్ హోయెమ్ హెలికాప్టరుపై దిగి తమ జెండా నాటి, ఒక మద్యపు సీసాను విడిచివచ్చెను. కెనడావారు తమ జెండాతో పాటు తమ దేశపు విస్కీ సీసా నుంచుట ఆచారమయ్యెను. ఒకరు పోయినప్పుడు రెండవవారి జెండాను మడిచి, తమది నాటివచ్చుటయు జరిగెను. 2005 జూలైలో కెనడా సైనికులు అక్కడ జెండా నిలిపి, ఇన్యూయిట్లు దారిగుర్తుకు పేర్చు పద్ధతిలో రాళ్ళ గురుతును పేర్చిరి. వెంటనే ఆ దేశపు రక్షణమంత్రియు వచ్చి అడుగుపెట్టిపోయెను. డెన్మార్కు నిరసన తెల్పెను. వేటగానికి దారి చూపు రాళ్ళగుట్ట రాజ్యమునకు హక్కుపత్రమైనది.

లోకులు దీనిని విని నవ్విరి. తుపాకి పేలని యుద్ధమని, మద్యపు సీసాల యుద్ధమని వార్తాపత్రికలు వ్రాసినవి. కాని నవ్వి ఊరుకొనదగిన విషయము కాదు. ఒక నేలను నాది యనుటకు మానవుడు ఏయే కారణములు చెప్పునో, అవన్నియు ఈ చిన్న బండపై వచ్చి నిలిచినవి. ఒక్కొక్కదానిని ఈ రాతిపై గీటుపెట్టి చూడవచ్చును.

మొదటి కారణము: 'ముందుగా నేను చూచితిని.' ఇది సముద్రయాత్రికుల వాదము. అయితే ముందుగా చూచినవారు ఓడలవారు కారు, కుక్కబండ్లవారు. ఈ వాదమును తుదివరకు నడిపినచో ఓడలవారి హక్కే పోవును. 1928లో పాల్మాస్ ద్వీపపు తగవున, అమెరికా, నెదర్లాండ్సు దేశముల నడుమ తీర్పరియైన మాక్స్ హూబర్, కేవలము కనుగొనుట చాలదు, అధికారమును శాంతియుతముగా, ఎడతెగక నడపుట ముఖ్యమని నిర్ణయించెను.

రెండవ కారణము: 'నేను శ్రమపడితిని.' ఇది మనకు చిరపరిచితమైన వాదము. పొలము మొదళ్ళు పెకలించి బాగుచేసినవానిది, లేడి ముందుగా బాణము నాటినవానిది యని మనుస్మృతి తొమ్మిదవ యధ్యాయము చెప్పుచున్నది. ఆంగ్లదేశమున జాన్ లాక్ 1689లో ప్రకటించిన గ్రంథమున ఇంచుమించు ఈ మాటయే చెప్పెను. మనిషి తన శ్రమను దేనితో కలుపునో అది యతనిదగును. వాదము ఉత్తమమైనదే. కాని పెకలించుటకు మొదళ్ళు లేని చోట, నాగలి దిగని బండపై, శ్రమ యనగా నేమి? జెండా నాటుట శ్రమయా? ఆ గాలిలో ఆ మంచుపై వేటాడి ఇల్లు నిలుపుకొనుటయే శ్రమయైనచో, ఆ శ్రమ చేసినవారు హక్కు నడుగనే లేదు.

మూడవ కారణము: 'నాకు దగ్గర.' ఈ దీవి ఇద్దరికిని సమానముగా దగ్గర, సమానముగా దూరము. ఇక్కడ కొలబద్ద మూగబోయినది.

నాల్గవ కారణము: 'నా ఏలుబడి నడచుచున్నది.' 1931లో నార్వేవారు తూర్పు గ్రీన్‌లాండులో కొంత భాగమును తమదిగా ప్రకటింపగా, డెన్మార్కు ఫిర్యాదుపై అంతర్జాతీయ శాశ్వత న్యాయస్థానము 1933లో డెన్మార్కు పక్షమున తీర్పు చెప్పెను. జనులు లేని చలిదేశములలో ఏలుబడి గుర్తులు స్వల్పమైనను, ఎదిరికి అంతకంటె బలమైన హక్కు లేనప్పుడు అవి చాలునని ఆ తీర్పు సారాంశము. రాజ్యముల నడుమ తగవు తీర్చుటకు ఇది తగిన న్యాయమే. కాని దీని ఫలితము చూడుడు. ఏలుబడి స్వల్పమైనను చాలునన్నచో, ఆ స్వల్పమును చూపించుటకు ఇద్దరును పోటీపడుదురు. జెండాలును సీసాలును అందుకే వచ్చినవి.

నాలుగు వాదములును తప్పులని మేమనము. అవి జనులున్న చోట పుట్టినవి. జనులు లేని చోట వానిని నిలిపినప్పుడు వాని కాళ్ళెంత సన్ననివో తెలియును. అప్పుడు మన పూర్వుల మాట యొకటి జ్ఞాపకమునకు వచ్చును. జైమిని మీమాంసాశాస్త్రము ఆరవ యధ్యాయమున విశ్వజిద్యాగమును గూర్చిన విచారము కలదు. ఆ యాగమున యజమాని తన సర్వస్వమును దానము చేయవలెను. రాజు యజమాని యైనచో భూమిని కూడ దానము చేయవచ్చునా యని ప్రశ్న. చేయరాదని సిద్ధాంతము. ఏలయనగా భూమి యెల్లరకును సమానము. తనది కానిదానిని దానమీయ రాదు. రాజునకు గలది రక్షించు బాధ్యత, దానికి బదులుగా పంటలో భాగము. అంతే. ప్రభువుల యండలో బ్రతికిన పండితులు ప్రభువుల హక్కునకు ఇంత స్పష్టమైన హద్దు గీచుట ఆశ్చర్యము గొలుపును. విష్ణుపురాణము నాలుగవ యంశమున భూదేవియే రాజులను జూచి నవ్వును. తనను నాది నాది యన్నవారందరు పోయిరి, తాను మాత్రము నిలిచితినని ఆ నవ్వునకు భావము.

ఇచ్చట పాఠకులు ఒక ఆక్షేపణ తెత్తురు. 'భూమి యెల్లరది యన్నచో ఎవ్వరును దానిని చూడరు. ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చినదని సామెత కలదు గదా. ఊరుమ్మడి చెరువు పూడిపోవుచుండగా, పట్టాభూమిలోని బావి శుభ్రముగా నుండుట మనము చూడమా?' ఈ యాక్షేపణ బలమైనది. మాకును అనుభవమున నున్నదే. హద్దులు లేని లోకము శాంతిగా నుండునని మేము భ్రమపడము. హద్దు తెలియని చోటనే గట్టు తగవు పుట్టును. కాని హద్దు దేనికొరకో మరచుట మరియొక ప్రమాదము. హద్దు, ఎవరు దేనికి బాధ్యులో తేల్చుకొనుటకు మనుష్యులు చేసికొన్న ఏర్పాటు. అది నేలపై ప్రకృతి వ్రాసిన వ్రాత కాదు. చెరువు పూడినది ఉమ్మడి దగుటవలన కాదు. ఉమ్మడి హక్కును నిలుపుకొని ఉమ్మడి బాధ్యతను విడిచినందువలన.

ఈ దృష్టితో చూచినచో హాన్స్ ద్వీపపు తగవు ముగిసిన తీరు మెచ్చదగినది. 2018లో ఇరుప్రభుత్వములు ఒక సంయుక్త బృందమును నియమించెను. 2022 జూన్ 14న ఆటవా నగరమున ఒడంబడికపై చేవ్రాళ్ళు జరిగెను. కెనడా, డెన్మార్కు విదేశాంగ మంత్రులతో పాటు గ్రీన్‌లాండు ప్రధానియు అందు పాల్గొనెను. ద్వీపముపై ఉత్తరదక్షిణములుగా సహజముగానే యొక రాతిచీలిక కలదు. దానినే సరిహద్దుగా నంగీకరించిరి. పడమటి భాగము కెనడాకు, తూర్పు భాగము డెన్మార్కు రాజ్యములోని గ్రీన్‌లాండునకు చెందెను. మంత్రులు కడపటిసారిగా సీసాలు మార్చుకొనిరి. ఆ సంవత్సరము ఫిబ్రవరిలోనే యూరపు ఖండమున రష్యా యుక్రేనుపై దండెత్తి, సరిహద్దులను ఫిరంగులతో మార్చుటకు పూనుకొనియుండెను. అట్టి కాలమున రెండు రాజ్యములు చెరికొంత తగ్గి గీత గీసికొనుట చిన్న విషయము కాదు.

అయినను మా దృష్టిలో ఆ యొడంబడికకు గౌరవము దెచ్చినది గీత కాదు. గీత గీసిన పిమ్మట కూడ ఇన్యూయిట్ ప్రజలు, స్థానికులు వెనుకటివలెనే ఆ ద్వీపముపై తిరుగుటకు, వేటకు, తమ యాచారములకు ఆటంకము కలుగరాదని అందులో నొప్పుకొనుట. అనగా గీత రాజ్యములకు, దారి మనుష్యులకు. ఏబదియేండ్ల పిమ్మట రాజ్యములు కనుగొన్న న్యాయము, పేరు పెట్టిన వేటగాడు ఎన్నడో ఆచరించిన న్యాయమే.

కాని కథ ఇక్కడితో సుఖాంతము కాలేదు. నేర్స్ జలసంధిలో శీతకాలమున మంచుపలకలు ఒకదానికొకటి ఒరసికొని, తీరమునుండి తీరమునకు కమానువలె బిగిసికొనును. ఆ కమాను ఉత్తరమునుండి దిగివచ్చు ముదురు మంచును నిలువరించును. దానికి దక్షిణమున నీరు తెరపిగా నుండి, పక్షులకు, సీళ్ళకు, తిమింగలములకు నెలవగును. వేటగాని జీవనమంతయు ఈ యేర్పాటుపై నాధారపడియున్నది. 2007 శీతకాలమున ఆ కమాను ఏర్పడలేదు. ఆ తరువాతను అది నిలుచు కాలము తగ్గుచున్నదని శాస్త్రజ్ఞులు గమనించిరి. భూగోళము వేడెక్కుట దీనికి హేతువు. ఆ వేడిని పుట్టించినది ఆ వేటగాడు కాడు. వేలకొలది మైళ్ళ దూరమున మన యంత్రములు, మన వాహనములు, మన పొయ్యిలు. అందులో మన భాగమును కలదు. ఎవరిదో తేల్చుకొనుటకు ఏబదియేండ్లు పట్టినది. తేలునాటికి దానికి దారియైన మంచు పలుచనగుచున్నది. బండ నిలుచును. బండకు పోవు బాట కరగిపోవును. నాది యన్నవానికి బాధ్యత గుర్తులేనిచో మిగులునది ఇంతే.

ఇప్పుడు మన సంగతికి వత్తము. 1936లో ఒరిస్సా ఏర్పడినప్పుడు బరంపురము ఒక గీతకు ఆవల బడినది. 1953లో ఆంధ్రరాష్ట్ర మేర్పడినప్పుడు బళ్ళారి మైసూరు వైపు పోయినది. 1954లో యానాము ఫ్రెంచివారి చేతినుండి భారతదేశములోనికి వచ్చి, చుట్టును ఆంధ్రదేశముండగా పుదుచ్చేరి పాలనలో నిలిచినది. 1960లో ఆంధ్ర, మద్రాసు రాష్ట్రములు గ్రామములను మార్చుకొనెను. ఈ గీతలు గీయుటకు ముందే, నాయకరాజుల కాలమునుండి కావేరీతీరమున తెలుగు కుటుంబము లుండెను. షోలాపురపు మగ్గములపై తెలుగువారి చేతులాడుచుండెను. మనలో పెక్కుమందిమి ఇల్లు మార్చలేదు, గీతయే మారినది. అయినను పిల్లవాడు బడిలో చేరునాడు, జనాభా లెక్కలవాడు వచ్చినాడు, 'మీది ఏ ఊరు?' అని యడిగినప్పుడు మన నాలుక యొక క్షణము తడబడును. ఈ ఊరు పేరు చెప్పినచో, 'అది కాదు, అసలు ఊరు?' అని మరల నడుగుదురు.

ఈ తడబాటుకు హాన్స్ ద్వీపము ఒక సమాధానము చెప్పునని మాకు తోచుచున్నది. నేలను మనది యనుటకు హక్కు గీతవలన రాదు. ముందుగా వచ్చుటవలనను రాదు. ఆ నేలను ఎరుగుటవలన, దానికి ఉపయోగపడుటవలన వచ్చును. ఇది రెండువైపుల పదునుగల మాట. ఒకవైపున, మూడువందల యేండ్లు ఈ నీరు త్రాగి, ఈ మట్టిలో కలిసిన కుటుంబమును మీరు పరాయివారనుటకు ఎవరికిని అధికారము లేదు. త్యాగరాజస్వామి తమిళదేశమున తిరువయ్యారులో నివసించి, తెలుగులో కీర్తనలు రచించెను. కావేరి ఆయనను మీ భాష యేమని యడుగలేదు. ఆయనకు ఏ గీతయు అవసరము కాలేదు.

రెండవవైపు మనకు గుచ్చుకొనునది. ఈ నేల మనది యన్నప్పుడు, దీనిని మన మెంత యెరుగుదుము? ఇరుగుపొరుగు భాషను అంగడి బేరమునకు మించి నేర్చితిమా? ఊరి చెరువు పూడిక తీయునాడు మన చేతిలో తట్ట యుండెనా? ఇక్కడి కవుల పేర్లు మన పిల్లలకు తెలియునా? లేక, ఇక్కడ సంపాదించి, ఎన్నడును పోని యొక 'అసలు ఊరి'ని తలచుకొనుచు, అద్దెయింటిలో నున్నట్లు కాలము గడపుచున్నామా? ఇంటిలో తెలుగును నిలుపుకొనుట మన ధర్మము. పొరుగు భాషను ఆదరించుట దానికి విరోధి కాదు. హాన్స్ దక్షిణమున పుట్టి, ఉత్తరమున ఇల్లు కట్టుకొని, పరదేశీయుల ఓడలలో పనిచేసి, కడకు తన కథను తన భాషలోనే వ్రాసికొనెను. ఆకలియైననాడు మాత్రము మంచుపలకపై నున్న పందొమ్మిదిమందికిని వేటాడి పెట్టెను. వీరిలో నావారెవ్వరని లెక్కపెట్టలేదు.

కాబట్టి ఎవ్వరును లేని నేల ఎవ్వరిదను ప్రశ్నకు, అది యెవ్వరి సొత్తును కాదు, అందరి పూచీ యని మా సమాధానము. ఎందరో యున్న నేల యెవ్వరిదను ప్రశ్నకును మాకు వేరు సమాధానము లేదు. గట్టు ఉండవలసినదే. నీరు నిలుపుటకును, అన్నదమ్ములు రాకపోకలు సాగించుటకును గూడ అదియే దారి. దానిని ఏటేట జానెడు జరుపుకొనుట మానినచో, గట్టుమీద ఇరువురును కూర్చుండి చద్దియన్నము తినవచ్చును.